పోటు వేళ

ఫండీ అఖాతంలో నీళ్ళు
రోజుకు రెండుసార్లు మమ్మల్ని వదిలేసి పోతాయి.
రేవులో పడవలు బురదకి కడుపానించి
ఓ పక్కకి ఒరిగి పడుకుంటాయి,
పీకలదాకా తాగి ఇల్లు చేరని మనుషుల్లా.

నాకు తాగుడు లేదు. అదొక్కటే లేదు.
నాకున్నది నోరు.
పడవతో పాటు నాన్న రాసిచ్చి పోయిన నోరు.
నా బూట్ల చప్పుడుని బట్టి
భోజనం బల్ల దగ్గర ఎంతసేపు కూర్చోవాలో
లెక్క వేసుకునేది నా కూతురు ఒడీల్.
తొమ్మిదేళ్ళ పిల్లకి అదేం గణితం!

విభూది బుధవారం నాడు
నుదుటి మీది బూడిద రాలకముందే ఒట్టేసుకున్నాను:
ఇక అరవను.
అరవని రోజుకో ముడి,
లాబ్‌స్టర్ బోనులు కట్టే పాత తాడుకి.
పదకొండు ముళ్ళు. విప్పేశాను.
మూడు. విప్పేశాను.
పంతొమ్మిది. ఆ రాత్రి విప్పే ఓపిక లేక కత్తితో కోసేశాను.
ఒట్టు తీసి గట్టున పెట్టడం అంటారే,
మా రేవు గట్టు నిండా నా ఒట్లే.

మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి పళ్ళు బిగించి.
దవడలు నొప్పెట్టేవి.
నవ్వడం మానేశాను, ఈలపాట మానేశాను,
కోపం ఏ సందులోంచి దూరుతుందోనని
తలుపులన్నీ మూసుకుంటే
లోపల నేనూ అదీ ఇద్దరమే మిగిలాం.
నలభై ఒక్క ముళ్ళు.

నలభై రెండో రోజు
మా పడవలో పనికి కుదిరిన రొజేర్
తాడు ఎలా కట్టాడో ఏమో
పడవ రేవు తప్పి బురద దిబ్బ మీద కూర్చుంది.
భుజం ఆనించి తోశాను.
పన్నెండు టన్నుల చెక్క.
తోసినకొద్దీ పడవ కదల్లేదు, నేనే దిగిపోయాను,
మోకాళ్ళ దాకా.
రొజేర్‌ని తిట్టాను. వాడి తల్లిని తిట్టాను.
వాడికి తల్లి లేదు. ఆ సంగతి గుర్తుంది.
అయినా తిట్టాను.

బురదలో గుల్లలు తవ్వుకుంటున్న జెలీ ముసలమ్మ
నడుమెత్తకుండానే అడిగింది:
"ఆన్సెల్మ్, నీళ్ళెప్పుడొస్తాయి?"
"నాలుగూ పదికి."
"ఇప్పుడు రెండేగా మరి."
అని మళ్ళీ తన గుల్లల్లో పడిపోయింది.

తోయడానికి నీళ్ళొదిలేశాను.
ఒక బూటు బురదకే ఇచ్చేసి దిబ్బ మీద కూలబడ్డాను.
ప్రార్థన అనలేను దాన్ని.
"నా వల్ల కావట్లేదు" అన్నాను, అంతే.
పాపసంకీర్తనంలో కూడా అంత నిజం చెప్పిన గుర్తు లేదు.
అక్కడెప్పుడూ "ఇకపై చెయ్యను" అనే చెప్పేవాణ్ణి.

ఇక్కడ నీళ్ళు హోరుమంటూ రావు.
ముందు బురద మడతల్లో ఓ తడి మెరుపు,
తర్వాత పీత కదిలినంత చప్పుడు,
చూసేసరికి నా మిగిలిన బూటు చుట్టూ.
తప్పెవరిదని అడగలేదవి.
పన్నెండు టన్నులూ ఒక నిట్టూర్పు విడిచి
నిటారుగా లేచి నిలబడ్డాయి.
చేయాల్సిందల్లా కట్టు కాస్త వదులు చేయడం.
అదీ రొజేరే చేశాడు,
నా చేతులు వణుకుతున్నాయి.

మారిన మనిషినై ఇంటికెళ్ళానని చెప్పను.
గురువారం ఒడీల్ పాలగ్లాసు ఒలకబోసింది.
కోపం వచ్చింది,
ఎప్పటి దారినే, ఎప్పటి బూట్లతోనే.
దాన్ని పట్టుకోలేదు, తొయ్యలేదు.
"మళ్ళీ బురదలో ఉన్నాను" అన్నాను లోలోపల.
పాలు బల్ల అంచుదాకా పాకి
చుక్క చుక్కగా నేలకి దిగుతుంటే
ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

సోమవారం అరిచాను.
అరిచి, తలుపు దాకా వెళ్ళి,
తిరిగొచ్చి క్షమించమన్నాను పిల్లని.
ఆ తిరిగి రావడం నాది కాదు.
నా కాళ్ళ సంగతి నాకు తెలుసు.

తాడు ఇప్పుడు ఒడీల్ దగ్గరుంది, ముళ్ళు లేకుండా.
పెరట్లో గెంతుతూ గట్టిగా లెక్కపెడుతోంది.
ముప్ఫై తొమ్మిది, నలభై,
కాలికి తగిలింది.
నవ్వి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

ఈ పూట పోటు ఐదున్నరకి.